ఐదో నంబరు బ్రేక్ ఆయిల్

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ఒక సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నా తప్పు రవ్వంత కూడా లేదు. తప్పంతా ఆ సీసాల మీద నంబర్లు వేసినవాళ్ళది. అలా నంబర్లు వేస్తే మనిషన్నవాడు ఏమనుకుంటాడు? మీరే చెప్పండి.

మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. అంటే, ఊళ్ళో వాళ్ళంతా కారు నడుపుతుంటే పక్కసీట్లో కూర్చుని బ్రేకు తొక్కడం ఆవిడ ఉద్యోగం. ఆ కార్లలో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు అటు పోతానని ఇటు పోతుంటే ఆవిడ పాదం కదులుతుంది, బండి ఆగుతుంది. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? ఇంట్లోనూ అంతే. నేను రెండో కప్పు కాఫీ అడగబోతే బ్రేకు. కొత్త టీవీ మాట ఎత్తబోతే బ్రేకు. నిద్రలో గురక అందుకోబోతే మోచేత్తో బ్రేకు.

ఇంటికొచ్చాక మాత్రం పక్కసీటు నాకు వదిలేస్తుంది. మా ఎర్ర కారు ఆవిడే నడుపుతుంది. తాళం ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. కారణం ఏమిటంటారా? ఒకసారి, ఒకే ఒక్కసారి, నేను మా గేటు స్తంభాన్ని గుద్దాను. స్తంభం అక్కడుందని నాకు తెలియక కాదు. ఇంకాస్త పక్కకి ఉంటుందనుకున్నాను. దానికి ఇంత శిక్షా?

ఆ రోజు నుంచి నాకు ‘పక్కసీటు పెద్దమనిషి’ అని బిరుదు వచ్చింది. ఇచ్చింది మా అక్క మొగుడు, అంటే మా బావ. మేము వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆయన గేటు దగ్గర నిలబడి ఉంటాడు. నేను పక్క తలుపు తీసుకుని దిగీ దిగకుండానే, “రావయ్యా, పక్కసీటు పెద్దమనిషీ!” అంటాడు. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ ఇప్పుడే పుట్టిన మాటలా పగలబడి నవ్వుతాడు. మా అక్క కూడా నవ్వుతుంది. సొంత అక్క!

ఆదివారం మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాలి. ఈసారి స్టీరింగు వైపు తలుపు తీసుకుని ఆ గేటు ముందు దిగాలి. నాకు కావలసింది అంతే. రాజ్యాలేం అడగలేదు.

సోమవారం పొద్దున మా ఆవిడ బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చింది.

“బ్రేక్ ఆయిల్ నల్లబడింది. ఆదివారం లోపు మార్పించాలి. వదినగారింటికి దారంతా దిగుడే,” అంది.

“మార్పించడమెందుకు? నేను మారుస్తాను.”

తల బయటికి వచ్చింది. “ఏం మారుస్తారు?”

“బ్రేక్ ఆయిలు.”

“అదెక్కడుంటుందో తెలుసా?”

“సీసాలో.”

“అల్లుడుగారు చెప్పింది నిజమేనే, సీసాల్లోనే అమ్ముతారు,” అని బాల్కనీలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. అత్తగారు మాతోనే ఉంటారు. రోజంతా బాల్కనీలో కూర్చుని స్వెటర్ అల్లుతారు. అది ఎవరికోసమో ఇంతవరకు ఎవరికీ తెలియదు. వీధిలో జరిగేదంతా చూడటానికి ఆవిడకి అదే టిక్కెట్టు.

“సరదాకి అనడం లేదు. నేను మారిస్తే ఆదివారం తాళం నాకిస్తావా? మా అక్కావాళ్ళ గేటు దాకా నేనే నడపాలి. మధ్యలో సీట్లు మారడాలు ఉండకూడదు,” అన్నాను.

“మార్చాక బ్రేకు పడాలిగా?”

“పడకేం చేస్తుంది?”

“మీరు చేసిన పని తిన్నగా ఉంటే నేనే తాళం చేతిలో పెట్టి, పక్కన కూర్చుంటాను. మాటంటే మాటే. కానీ వద్దండీ, చెప్పిన మాట వినండి. అబ్బే మెకానిక్‌కి ఇచ్చేద్దాం.”

అబ్బే మెకానిక్ అంటే మా వీధి చివర షెడ్డు ఆయన. ఏమడిగినా “అబ్బే” అని మొదలుపెడతాడు. బండి బాగుందా అన్నా అబ్బే, బాగాలేదా అన్నా అబ్బే. అలాంటివాడి మీద ఉన్న నమ్మకం కట్టుకున్న మొగుడి మీద లేదు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇదిగో, చెబుతున్నా విను. ఆదివారం దాకా ఈ ఇంట్లో కారు మాట నా దగ్గర ఎవరూ ఎత్తడానికి వీల్లేదు. కారు అని వినపడిందా, కంచం దగ్గరి నుంచి లేచిపోతాను!”

“సరేనండీ,” అంది మా ఆవిడ.

“సరే బాబూ,” అన్నారు అత్తగారు.

ఇద్దరూ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

ఇక నా సంగతి. నేను చెప్పుల షాపులో సేల్స్ మేనేజర్ని. జనం కాళ్ళ దగ్గర కూర్చునే ఉద్యోగాల్లో అదే పెద్దది. మర్నాడు ఒకాయన వచ్చాడు. కాలు చూస్తే ఎనిమిది. పదో నంబరు బూట్లు కావాలంటాడు. ఎందుకండీ అంటే, “రెండింటికీ ధర ఒకటే కదా, చిన్నవి కొనడానికి నేనేం పిచ్చివాడినా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా గొంతు తగ్గించి, నేను రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటే ఆయనకీ చెప్పాను.

“నంబరు పెద్దదైతే గొప్పది కాదు సార్. మీ కాలికి సరిపోయిందే గొప్పది. ఇది బహుమతి కాదు, కొలత.”

ఈ మాట నా సొంతం. షాపులో అని అని ఇంట్లో కూడా అంటూంటాను. మా ఆవిడకీ, అత్తగారికీ కంఠతా వచ్చేసింది.

అదే రోజు భోజనాల వేళ స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళాను. కౌంటర్ వెనక ఉండే ఆయన్ని అందరూ ఏబండిగారు అంటారు. ఏమడిగినా ముందు “ఏ బండి?” అంటాడు. ఇంట్లో పెళ్ళాం కూర ఏం వండమంటారని అడిగినా అదే అంటాడని చెప్పుకుంటారు.

“బ్రేక్ ఆయిల్ ఇవ్వండి,” అన్నాను.

“ఏ బండి?”

“ఎర్ర బండి.”

“రంగు కాదు సార్. డాట్ త్రీ కావాలా, ఫోర్ కావాలా?”

ఈ డాట్ అనే మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వినలేదని చెప్పుకోవడానికి ఎండలో అంత దూరం నడిచి వెళ్ళానా? అందుకని మాస్టారు పిల్లల్ని అడిగినట్టు, “రెండింటికీ తేడా ఏమిటో మీరే చెప్పండి, చూద్దాం,” అన్నాను.

“వేడికి తట్టుకోవడంలో తేడా సార్. త్రీ కంటే ఫోర్ ఎక్కువ వేడికి ఆగుతుంది. ఏది పొయ్యాలో మీ బండిలో డబ్బా మూత మీదే రాసుంటుంది. చూశారా?”

“చూడకుండా వస్తానా?” అన్నాను. చూడలేదు. నా కళ్ళు పై అర మీద పడ్డాయి. “ఆ పైన ఉన్నదేమిటి?”

“అది డాట్ ఫైవ్. దాని జాతి వేరు. ఏ బండి...”

“మళ్ళీ ఏ బండా! మూడు కంటే నాలుగు మేలని మీరే అన్నారు. అలాంటప్పుడు నాలుగు కంటే ఐదు మేలు కాదా? నాకూ లెక్కలొచ్చు. మంచి సరుకు పైన దాచి, వచ్చినవాళ్ళకి నాలుగు అంటగడుతున్నారా?”

“అది కాదు సార్, అది పాతదాంతో కలవదు...”

“కలవకపోతే మరీ మంచిది. పాతదాంతో కలుపుకోవడానికి కొంటున్నానా? దించండి.”

ఆయన నా వంక ఒకసారి, నిచ్చెన వంక ఒకసారి చూసి, నిట్టూర్చి దించాడు. వంకాయ రంగులో, చూడగానే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించేలా ఉంది. దాని పక్కన మూడూ నాలుగూ పేద చుట్టాల్లా కనిపించాయి. సీసాని బూట్ల అట్టపెట్టెలో పెట్టి, ఇంటికి తెచ్చి మంచం కింద దాచాను.

శుక్రవారం భోజనాల దగ్గర మా ఆవిడ, “ఏమండీ, ఇవాళ కా...” అని మొదలుపెట్టింది. నేను కంచం ముందుకు తోశాను. “సరే సరే, తినండి,” అని నోరు మూసుకుంది. అత్తగారు తల వంచుకుని నీళ్ళు తాగారు. ఇంట్లో మగవాడి మాట చెల్లుతుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ పూట తెలిసింది. ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

శనివారం నేను సెలవు పెట్టాను. మా ఆవిడ స్కూలుకి వెళ్ళింది. రెండో తాళం అత్తగారి ఊలు బుట్టలో ఉంటుందని నాకు తెలుసు. వెళ్ళి చెయ్యి చాపాను.

“నడపడానికైతే ఇవ్వొద్దంది బాబూ. తెరవడానికైతే ఏమీ అనలేదు. అందుకని ఇస్తున్నా,” అంటూ ఆవిడ తాళం తీసి, నా చేతిలో పెట్టబోతూ ఆగారు. “అల్లుడుగారూ, కారు సంగతి ఒక్క ముక్క చెప్పనా?”

“అత్తయ్యగారూ! ఆ మాట ఎత్తొద్దన్నానా లేదా?”

“అన్నారు, అన్నారు,” అని ఆవిడ సూదులు అందుకున్నారు.

బానెట్ ఎత్తాను. సోమవారం మా ఆవిడ తల దూర్చిన చోటు గుర్తుపెట్టుకున్నాను కాబట్టి, అక్కడున్న చిన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా వెంటనే దొరికింది. మూత మీద ఏవో చీమల్లాంటి అక్షరాలున్నాయి. కళ్ళద్దాలు పైన ఉన్నాయి. అయినా మూతల మీద ఏముంటుంది, జాగ్రత్త జాగ్రత్త అని బెదిరించడం తప్ప? మూత తిప్పి గోడ మీద బోర్లా పెట్టాను.

బూట్ల అడుగున జిగురు ఎక్కించే సిరంజి ఒకటి కొత్తది షాపు నుంచి తెచ్చుకున్నాను. దాంతో డబ్బాలో ఉన్నదంతా పీల్చి ఒక మగ్గులో పోశాను. పోసి చూద్దును కదా, పల్చటి తేనెలా తేటగా ఉంది!

“చూశారా అత్తయ్యా! దీన్ని పట్టుకుని నల్లబడిందంటుంది మీ అమ్మాయి. కళ్ళు పరీక్ష చేయించాలి,” అని బాల్కనీ వైపు మగ్గు ఎత్తి చూపించాను.

“చేయిద్దాం బాబూ. ఇద్దరికీ కలిపి చేయిద్దాం,” అన్నారావిడ, సూదుల మీంచి కళ్ళెత్తకుండా.

మగ్గుని బండి మడ్‌గార్డ్ మీద పెట్టి, ఐదో నంబరు సీసా మూత తీశాను. అప్పుడు నా మోచెయ్యి కాస్త మగ్గుకి తగిలింది. కాస్తే. కాస్త తగిలితే ఒలికిపోయే మగ్గులు ఎవడు చేస్తాడో! ఒలికిన దాన్ని అలాగే వదిలేసి, ముందు పని ముందని వంకాయ రంగు ఆయిల్ నిండుగా పోశాను. లోపల కూర్చుని బ్రేకు పెడలు పదేపదే తొక్కాను. మూత బిగించాను. ఇంత చిన్న పనికి అబ్బే మెకానిక్కా అని నాలో నేనే నవ్వుకుని, లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకుని తాగాను. అడిగేవాళ్ళు లేరు కదా అని రెండు కప్పులు తాగాను.

తిరిగి వచ్చేసరికి, ఒలికిన చోట రంగు మీగడ కట్టినట్టు ముడతలు పడి ఉంది. గుడ్డ తీసుకుని తుడిచాను. తుడుస్తున్నకొద్దీ గుడ్డ ఎర్రబడింది, కారు తెల్లబడింది. బ్రేకులో పోసే ఆయిలుకి కారు రంగు మీద ఇంత పగ దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కానీ నేను వృత్తిలో పండినవాణ్ణి. చెర్రీ రంగు షూ పాలిష్ నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. రెండు పొరలు పట్టించి బ్రష్షు కొట్టాను. తళతళలాడిపోయింది. నిజం చెప్పొద్దూ, కారు మొత్తం మీద ఆ ముక్కే బాగుంది.

సాయంత్రం మా ఆవిడ తెల్ల యూనిఫాం చొక్కాతో వచ్చింది. నేను గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కారు దగ్గర ఆగి, మడ్‌గార్డ్ మీద మోచెయ్యి ఆనించి నన్ను ఎగాదిగా చూసింది.

“ఏమిటండీ, అంత ఆనందం?”

“ఏముంది? రేపు ఆదివారం.”

“అది సరే. మన కా... ఆ మాట అనొచ్చా?”

“ఇవాళ అనొచ్చు. పనైపోయింది.”

“మన కారుకి షూ పాలిష్ వాసన వస్తోందేమిటి?” అని మోచెయ్యి ఎత్తి చూసుకుంది. తెల్ల చొక్కా చెయ్యి మీద అరచేతి వెడల్పున చెర్రీ రంగు అంటుకుంది. మడ్‌గార్డ్ మీద అంతే వెడల్పున తెల్లమచ్చ పైకి తేలింది.

మా ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండును. నెమ్మదిగా బానెట్ ఎత్తింది. తెల్ల డబ్బాలో వంకాయ రంగు మెరుస్తోంది.

“ఇదేమిటి?”

“డాట్ ఫైవ్. కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది!”

ఆవిడ మూత తిప్పి నా మొహం ముందు పట్టింది. “చదవండి.”

“కళ్ళద్దాలు పైన...”

నా మాట పూర్తయ్యేలోపే నా కళ్ళద్దాలు ఊలు దారానికి కట్టి బాల్కనీలోంచి నా ముక్కు ముందుకి దిగాయి. అవి ఎప్పటి నుంచి సిద్ధంగా ఉన్నాయో అత్తగారికే తెలియాలి. పెట్టుకుని చదివాను. డాట్ ఫోర్ మాత్రమే వాడాలని రాసి ఉంది.

“మాత్రమే ఏమిటి, మాత్రమే? ఐదు ఉండగా నాలుగు ఎందుకు వాడాలి? ఇదెక్కడి అన్యాయం?” అన్నాను.

బాల్కనీలోంచి గొంతు వినిపించింది. “నంబరు పెద్దదైతే గొప్పది కాదు సార్. మీ కాలికి సరిపోయిందే గొప్పది.”

“ఇది బహుమతి కాదు, కొలత,” అని మా ఆవిడ అందుకుంది.

నా మాటతో నన్నే కొట్టారు. అదీ నా ఇంటి ముందే, నా అద్దాలు నాకే పెట్టి.

“ఆ ఐదు వేరే సరుకండీ. నాలుగుతో చచ్చినా కలవదు. ఇప్పుడు గొట్టాల్లో నాలుగు, డబ్బాలో ఐదు ఉంది. పైగా పెడలు కూడా తొక్కారా?”

“గట్టిగా తొక్కాను,” అన్నాను. అప్పుడు కూడా అది మెచ్చుకోలేమో అనుకున్నాను.

“ఇక మొత్తం కడిగించి, లోపలి రబ్బర్లన్నీ చూపించే దాకా ఈ బండి గేటు దాటకూడదు. ఈ బ్రేకులతో ఆ దిగుళ్ళలోకి వెళ్తే మనం నలుగురికీ కనబడేది పేపర్లోనే.”

ఆ మాటకి మాత్రం వెనకసీట్లో అత్తగారు కూడా ఉంటారు కదా అని గుర్తొచ్చింది. అయినా ఓటమి ఒప్పుకోవడం చేతకాక, “నల్లబడిందన్నావుగా? నేను తీసింది తేటగా ఉంది! ముందు అబద్ధమాడింది నువ్వు,” అన్నాను.

“తేటగానే ఉంటుంది. నిన్ననే అబ్బే మెకానిక్ కొత్తది పోశాడు.”

“నిన్ననా? మరి చెప్పవేం?”

“కా... అన్నాను. మీరు కంచం తోశారు.”

“నేనూ ఒక్క ముక్క చెప్పనా అని అడిగాను బాబూ,” అన్నారు పైనుంచి.

అబ్బే మెకానిక్ తాడూ, లాగే బండీ తీసుకుని వచ్చాడు. డబ్బాలోకి చూసి, “అబ్బే, ఇది నేను పోసింది కాదండీ,” అన్నాడు. మచ్చ చూసి, “అబ్బే, ఇది నేను గీసింది కాదండీ,” అన్నాడు. రేపటికి అవుతుందా అంటే మాత్రం ఉత్త “అబ్బే” అన్నాడు. వీధిలో అందరూ చూస్తుండగా మా ఎర్ర కారు తాడు చివర తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున నేను ముసుగు తన్ని పడుకున్నాను. మా ఆవిడ వచ్చి ముసుగు లాగింది.

“లేవండి. గేటు దాకా మీరే నడపాలని కదా మీ పంతం? సీట్లు మారడాలు లేకుండా?”

“వెక్కిరించకు.”

“వెక్కిరింత కాదు. ఇదిగో తాళం. మాటంటే మాటే. నేను పక్కనే కూర్చుంటాను.”

తాళం నా చేతిలో నిజంగానే పడింది. నా కళ్ళు చెమర్చాయి. ఎంతైనా కట్టుకున్నది కదా అనుకుంటూ గబగబా తయారై బయటికి వచ్చాను. వీధిలో డ్రైవింగ్ స్కూలు కారు నిలబడి ఉంది. నెత్తిన ‘నిదానం డ్రైవింగ్ స్కూల్’ అని బోర్డు. వెనక అద్దం మీద ‘నేర్చుకుంటున్నాను, కాస్త ఓపిక పట్టండి’ అని మూరెడు అక్షరాలు. అత్తగారు అప్పటికే వెనకసీట్లో కూర్చుని స్వెటర్ అల్లుతున్నారు.

“ఇదా?” అన్నాను.

“ఇందులో బ్రేకులు బాగున్నాయి. రెండూ,” అంది మా ఆవిడ.

దారిలో నేను పడ్డ అవమానం పగవాడికి కూడా వద్దు. నేను తొక్కుదామనుకునే లోపే బండి ఆగిపోతుంది. నా కాలు ఆలస్యంగా వెళ్ళి, అప్పటికే ఆగిన బండికి బ్రేకు వేస్తుంది. ఒక కూడలి దగ్గర స్కూటర్ మీద వచ్చిన అమ్మాయి లోపలికి తొంగి చూసి, “నమస్తే మేడమ్! కొత్త స్టూడెంటా?” అని అడిగింది. మా ఆవిడ, “పాత స్టూడెంటే. పాసవ్వడం లేదు,” అంది.

“నేను తొక్కేదాకా ఆగలేవా?” అని గట్టిగా అడిగాను.

“ఆగితే మీరు ఆగరు కదండీ.”

చివరికి అక్కావాళ్ళ వీధిలోకి తిరిగాం. దూరం నుంచే మా బావ గేటు దగ్గర కనిపించాడు. నేను వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, ఆయన కళ్ళలోకి చూస్తూ బండిని గేటులోకి తిప్పాను. ఆయన కళ్ళలోకి చూస్తుంటే వాళ్ళ గేటు స్తంభం నాకెలా కనిపిస్తుంది? బండి కీచుమని ఆగింది. నా కాలు ఇంకా గాల్లోనే ఉంది.

బావ నోరు వెళ్ళబెట్టాడు. “ఓరి నీ! చివరికి నువ్వే నడిపావటయ్యా!”

“మరి? ఇంటి దగ్గర నుంచీ నేనే,” అన్నాను స్టీరింగు వైపు తలుపు తీసుకుని దిగుతూ.

“స్టీరింగు అంతా అల్లుడుగారిదేనండీ. బ్రేకులు మాత్రం మా అమ్మాయివి,” అన్నారు అత్తగారు వెనకనుంచి, ఎంతో మర్యాదగా.

బావ నెత్తి మీది బోర్డు చదివాడు. వెనక్కి వెళ్ళి అద్దం మీది అక్షరాలు చదివాడు. వంగి పక్కసీటు కిందికి చూశాడు. అక్కడ మా ఆవిడ పాదం ఇంకా బ్రేకు మీదే ఉంది. లోపల నుంచి మా అక్క కూడా వచ్చి వంగి చూసింది.

“నువ్వు సీటు మారినా పక్కసీటు నిన్ను వదల్లేదేమయ్యా!” అన్నాడు బావ. ఈసారి నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకున్నాడు.

మా ఆవిడ కారు దిగి చెయ్యి చాపింది. నేను తాళం ఆ చేతిలో పెట్టాను. అప్పుడు ఒకసారి బంపరు వైపు చూశాను. బంపరుకీ స్తంభానికీ మధ్య బెత్తెడు సందు ఉంది. నేనే తొక్కి ఉంటే ఆ సందు ఉండేది కాదు. ఈ ముక్క మాత్రం మా ఆవిడకి చెప్పకండి.